గొట్టం దిగని చోటు

సోమవారం ఉదయం ఆ గదిలో మొదట వినిపించే చప్పుడు డబ్బాలది. ఓవెన్ తలుపు తీయగానే వేడి ముఖానికి కొడుతుంది. పట్టకారుతో ఒక్కొక్క డబ్బా బయటికి తీసి, మూత పెట్టి, బల్ల మీద వరుసగా పేర్చాలి. అవి అరచేతిలో ఇమిడే అల్యూమినియం డబ్బాలు. మూత మీద నంబరు, లోపల బూడిదలా పొడిబారిన మట్టి. చల్లారాక ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి, బరువు చూసి, రిజిస్టరులో దాని గడిలో రాయాలి.

ఈ పని చేసే అమ్మాయిని ఇంట్లో చిన్నది అంటారు. ఆఫీసులోనూ ఆ పిలుపే అంటుకుంది. ఆమె తండ్రి ఇదే గదిలో, ఇదే కాటా ముందు ఇరవై ఏడేళ్లు నిలబడి రిటైరయ్యాడు. "మా చిన్నది కాలేజీలో చేరింది", "మా చిన్నది పరీక్ష రాసింది" అని ఆయన చెప్పీ చెప్పీ, తీరా ఆమె ఉద్యోగం సంపాదించుకుని అదే కుర్చీలోకి వచ్చేసరికి అసలు పేరుతో పిలిచేవాళ్లే లేకుండా పోయారు. ఆ ఇంట్లో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే.

చదివేవారికి ఆ పని గురించి ఒక మాట చెప్పాలి. నేలలో ఎంత తేమ ఉందో కంటితో చూస్తే తెలియదు. పైన వాన తడి మెరుస్తున్నా లోపల ఎముకలా ఎండి ఉండవచ్చు. రెండడుగుల లోతు మట్టి తీసి చూస్తేనే సంగతి బయటపడుతుంది. అందుకు ఒక ఇనుప గొట్టం, దాని తలకు అడ్డంగా ఒక పిడి. నేలలోకి దింపి, తిప్పి, పైకి లాగితే గొట్టం నిండా మట్టి వస్తుంది. ఆ మట్టిని తడిగా ఒకసారి తూచి, ఒక రోజంతా ఓవెన్‌లో ఉంచి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే నేలలో ఉన్న నీరు. విద్య ఇంతే. కాని వారం వారం, ఏళ్ల తరబడి, అదే చోట, అదే లోతున చేస్తే, ఒక ప్రాంతం ఎండుతోందా, ఎంత ఎండింది, ఇంకెన్నాళ్లు తట్టుకుంటుంది అన్నవి ఆ అంకెలే చెబుతాయి. వాన ఒక ఏడాది మనిషిని ఏమార్చవచ్చు. ముప్పై ఏళ్ల నేల ఏమార్చదు. ఏమారిస్తే మనుషులే ఏమార్చాలి.

కాటా పైన గోడకు ఒక అద్దాల ఫ్రేము వేలాడుతూ ఉంటుంది. 'ఇరవై ఏడేళ్ల సేవలో ఒక్క గడి కూడా ఖాళీ వదలని ఉద్యోగికి' అని అందులో బంగారు రంగు అక్షరాలు. తండ్రికి రిటైరయిన రోజు ఇచ్చారు. ఆయన ఇంటికి తీసుకుపోలేదు. "ఇక్కడే ఉండనీ, నా తర్వాత వచ్చేవాళ్లకు బుద్ధి ఉంటుంది" అన్నాడట. వచ్చింది కూతురే.

ఆ సోమవారం బల్ల మీద డబ్బాలతో పాటు ఒక ఉత్తరం కూడా ఉంది. పై ఆఫీసు నుంచి వచ్చింది. కరువు ముప్పు ఉన్న ప్రాంతాల జాబితా తయారవుతోంది. ఈసారి వానల లెక్క చూడరు, దీర్ఘకాలపు నేల తేమ లెక్క చూస్తారు. ఏ ప్రాంతంలో తేమ ఏటేటా దిగజారిందో ఆ ప్రాంతం జాబితాలోకి వస్తుంది. జాబితాలోకి వచ్చిన చోటికి నది నుంచి ఎత్తిపోతల నీరు వస్తుంది. శుక్రవారం లోపల అన్ని రిజిస్టర్లలోని అంకెలూ ఒక గీతగా గీసి పంపాలి.

చిన్నది ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆ కొలత కేంద్రం కింద, మట్టి తీసే చోటికి గుర్తుగా పాతిన రాళ్లు రెండు పల్లంలో ఉన్నాయి, ఒకటి మెరకలో. మెరక మీద ఇరవై రెండు ఊళ్లు. ఆ ఇరవై రెండు ఊళ్లకూ కలిపి కొలత తీసే చోటు ఒక్కటే, మూడో నంబరు రాయి. ఆ రాయి పక్క పొలమూ, దాన్ని ఆనుకున్న ఇల్లూ ఆమె అక్క అత్తగారివే. జాబితా కబురు ఊళ్లలో ముందే పాకింది. పోయిన ఆదివారం బావ వచ్చి భోజనాల బల్ల దగ్గర తేల్చి చెప్పాడు. "బావిలో బొక్కెన వేస్తే రాయి తగిలిన చప్పుడొస్తోంది. ఏం డిగ్రీ మేడం, మీ జాబితాలో మా మెరక ఉందా, ఉంటాం. లేదా, ఈ నెలాఖరుకి తాళం. పట్నంలో గోడౌన్ కాపలాకి మాట్లాడి పెట్టుకున్నా."

"జాబితాలో పడకుండా ఎలా ఉంటుంది బావా? మెరక ఎండుతోందని పిల్లిని అడిగినా చెబుతుంది" అందామె.

"పిల్లి సంతకం చెల్లదు కదా. అందుకే నిన్ను అడుగుతున్నా" అని బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

ఆ రోజూ, మర్నాడూ చిన్నది రిజిస్టర్ల ముందునుంచి లేవలేదు. తండ్రి దస్తూరీ గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా, పేజీ తర్వాత పేజీ. అంకెలన్నీ ఎక్కించి, మెరక రాయి గీత గీసి, కాగితం చేతికి దూరంగా పట్టుకుని చూసింది. గీత కిందికి జారాలి. జారలేదు. మేస్త్రి పూసిన గోడలా చదునుగా ఉంది.

కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్క ఏడాదే వెతికింది. ఆమె ఐదో తరగతి చదివిన ఏడాది ఇప్పటికీ గుర్తుంది. ట్యాంకరు కోసం వీధి పొడుగునా ప్లాస్టిక్ డబ్బాలు బారులు తీరేవి. బడి ఒంటిపూట అయింది. అక్కను మెరకలో ఇచ్చిన మరుసటి ఏడాది అది. అక్క అత్తగారింట్లో పశువులన్నిటినీ మేత కోసం పల్లానికి తోలుకుపోయారు. ఆ ఏడాది నడి వేసవిలో రిజిస్టరు ఏం చెబుతోంది? తడి మట్టి నూట పద్దెనిమిది గ్రాములు, పొడి మట్టి నూట రెండు. పదహారు గ్రాముల నీరు. అంటే మంచి వానలు పడిన ఏడాది చలికాలంలో ఉండేంత తేమ.

'నా లెక్కే తప్పు' అనుకుంది ముందు. మళ్లీ వేసింది. మళ్లీ అదే వచ్చింది. అప్పుడు తన సొంత అంకెలు చూసుకుంది. పద్నాలుగు నెలలుగా ప్రతి శనివారం ఉదయం ఆమే మెరకకు వెళ్లి, గొట్టం దింపి, మట్టి తెస్తోంది. గొట్టం ఎప్పుడూ సులువుగానే దిగింది. 'నాన్న చెప్పినంత కష్టమేం కాదే' అని మొదటి వారం గర్వపడింది కూడా. ఆ మట్టిలోనూ పద్నాలుగు, పదిహేను గ్రాముల నీరు. రాయి పక్కనే బావ బావి అడుగంటింది. రాయి కింద మాత్రం నేల తడిగా ఉంది. ఇదెలా కుదురుతుంది?

బుధవారం ఉదయం ఎవరికీ చెప్పకుండా గొట్టం భుజాన వేసుకుని మెరక బస్సెక్కింది.

పొలాల్లో ఎవరూ లేరు. రాయి దగ్గర గొట్టం నిలబెట్టి, పిడి మీద బరువంతా వేసింది. గొట్టం కదల్లేదు. సుత్తితో కొట్టింది. ఠంగుమని మోగి, పిడి అరచేతుల్ని కొరికింది. పదిసార్లు కొట్టేసరికి నాలుగు వేళ్ల మందం దిగింది. ఇంకో పదిసార్లకు అంచు వంగింది. చేతులు బొబ్బలెక్కాయి. శనివారం వెన్నలా దిగిన నేల, మధ్యలో నాలుగు రోజులకే సిమెంటు ఎలా అయింది?

చప్పుడు విని అక్క ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చెల్లెల్ని చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఇవాళ బుధవారం కదే! ఇవాళెందుకొచ్చావు?"

"బుధవారమైతే ఏమక్కా?"

"నేను... నీళ్లు పోయలేదు" అంది అక్క.

చిన్నది గొట్టం వదిలేసి అక్కడే కూలబడింది. అక్క కూడా ఎదురుగా గొంతుక్కూర్చుని, చీర కొంగుతో చెల్లెలి అరచేతులు తుడుస్తూ చెప్పింది.

"పెళ్లయి వచ్చిన మరుసటేడు ఎండాకాలంలో నాన్న కొలతకొచ్చాడు. గంటసేపు కొట్టాడే. గొట్టం దిగలేదు. చొక్కా పిండితే నీళ్లు కారేట్టు ఉంది. భుజం పట్టుకుని ఈ రాయి మీద కూర్చుండిపోయాడు. నేను చూడలేకపోయాను. ఆ తర్వాత శుక్రవారం సాయంత్రం రాయి పక్కన ఒక బిందె పోశాను. పైన పొడి మట్టి చల్లాను, తెల్లారేసరికి ఆరిపోకుండా. శనివారం నాన్న గొట్టం ఒక్క పట్టున దిగింది. ఎంత సంతోషపడ్డాడో! అప్పట్నుంచీ అంతే. ఇప్పుడు నువ్వొస్తున్నావు, నీవసలే పూచికపుల్ల చేతులు. మానేస్తానా?"

"ఎండాకాలంలో కూడానా? తాగే నీళ్లు అక్కా అవి!"

"ఆ పూట పిల్లలకు స్నానం మానిపించేదాన్ని. ఏం చేస్తాం, నాన్న కదా."

పదిహేనేళ్లు. నీళ్లకు కటకటలాడే ఇంట్లోంచి వారానికొక బిందె. ఎంత గట్టి కరువైతే అంత నిండు బిందె. నేల బీటలు వారిన ఏడాది ఎక్కువ నీళ్లు ఇంకేవి, డబ్బాలో ఎక్కువ గ్రాములు తేలేవి. తన పిల్లల స్నానం నీళ్లతో అక్క తన ఊరి కరువును కప్పిపెట్టింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. మట్టి తీసుకెళ్లి ఏం చేస్తారో ఆమెకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. అడగవలసిన అవసరం ఆమెకూ తోచలేదు.

చిన్నది చెప్పింది. నెమ్మదిగా, నేల మీద పుల్లతో గీత గీసి మరీ చెప్పింది. అక్క ఆ గీతను అరచేత్తో చెరిపేసింది. "అయితే మీ బావకి చెప్పకే" అని మాత్రం అంది.

ఇంటికి వచ్చేసరికి తండ్రి వసారాలో కూర్చుని పాత గొట్టం అంచుకు ఆకురాయి పెడుతున్నాడు. రిటైరయ్యాక కూడా అది ఆయనకు అలవాటు. కూతురి గొట్టం మొద్దుబారకూడదని రెండోది ఎప్పుడూ పదును పెట్టి ఉంచుతాడు.

"నాన్నా, మెరకకు వెళ్లొచ్చాను."

"ఇవాళ బుధవారం కదే."

"అందుకే వెళ్లాను."

ఆకురాయి ఆగింది. ఆయన తల ఎత్తలేదు. కూతురి చెప్పుల దగ్గర పడి ఉన్న వంగిన గొట్టాన్ని చూశాడు. దానికి ఎంత మట్టి అంటిందో చూశాడు. ఆ గొట్టంతో ఇరవై ఏడేళ్లు పనిచేసిన మనిషికి ఇంక చెప్పవలసింది లేదు.

"అక్క నీళ్లు పోస్తోందని నీకు తెలుసా?"

"అడగలేదు" అన్నాడు తండ్రి. "మెత్తగా దిగితే సంతోషించాను. ఎందుకు దిగిందని అడగలేదు."

"మరి అక్క పెళ్లికి ముందు?"

"రాయికి నలభై అడుగుల్లో పశువుల తొట్టి ఉండేది. తొట్టి కింద ఎప్పుడూ తడే. రాయి దగ్గర దిగకపోతే అక్కడ తీసేవాణ్ణి. నలభై అడుగులే కదా, మట్టి మట్టే కదా అనుకున్నాను. అక్క పెళ్లయిన మరుసటేడు పశువుల్ని తోలేశాక అదీ ఎండిపోయింది." ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. "కాని ఒకటి విను. డబ్బాలో ఉన్నదే తూచాను. తూచిందే రాశాను. ఇరవై ఏడేళ్లలో ఒక్క దొంగ అంకె వేయలేదు."

"అంకె దొంగది కాదు నాన్నా. మట్టి దొంగది."

తండ్రి లేచి లోపలికి వెళ్లాడు. కోపం వచ్చి వెళ్లాడనుకుంది. కాని గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండానే, "మొట్టమొదటి రిజిస్టరు చూడు. ఆరో వారం" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో అల్మారా అడుగున చెదలు పట్టిన ఆ రిజిస్టరు దొరికింది. ఆరో వారం, మూడో రాయి. గడిలో అంకె లేదు. అదే గుండ్రటి దస్తూరీలో, ఇంకా కుదురుకోని అక్షరాల్లో, 'గొట్టం దిగలేదు. నేల రాయిలా ఉంది' అని రాసి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. పక్కన అప్పటి అధికారి రాసిన వాక్యం: 'సిబ్బంది చేతకానితనాన్ని రిజిస్టరులో రాయరాదు. గడులు ఖాళీగా ఉంటే జీతం నిలిపివేయబడును.' ఏడో వారం నుంచి అన్ని గడులూ నిండి ఉన్నాయి.

అప్పుడు తండ్రికి ముప్పై ఒక్క ఏళ్లు ఉంటాయేమో. ఏడో తరగతి చదువు, తాత్కాలికపు ఉద్యోగం, ఇంట్లో ఆరేళ్ల పెద్దకూతురు. ఆ ఎర్ర గీత ఆయనకు ఒకే పాఠం నేర్పింది. దాన్ని ఆయన జీవితాంతం తప్పకుండా పాటించాడు. పాటించినందుకే గోడ మీద ఫ్రేము కట్టించారు. ఆ పాఠంతోనే కూతుళ్లను పెంచి, ఒకదాన్ని చదివించాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడు చిన్నదానికి తండ్రి మీద కోపం రాలేదు. తన డిగ్రీ మీద వచ్చింది.

రిజిస్టరు పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. ఆఫీసుకు పెద్ద కాబట్టి అందరూ పెద్దసారు అంటారు. ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్లలో రిటైరవబోయే మనిషి. అంతా విని, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"చూడమ్మా, ఉన్న గీత ఉన్నట్టు పంపావనుకో. మెరకకు ముప్పు లేదని వస్తుంది. మీ నాన్న పరువు నిలుస్తుంది. నీ పద్నాలుగు నెలలకూ ఎవరూ వేలు పెట్టరు."

"మెరక పోతుంది సార్."

"నిజం రాస్తే మాత్రం మెరక జాబితాలోకి వస్తుందనుకున్నావా?"

"నేల ఎండిన మాట నిజం కదా సార్. నిజం తెలిస్తే ఎందుకు రాదు?"

పెద్దసారు ఆమె ముఖంలోకి జాలిగా చూశాడు. "నువ్వు కొత్త" అన్నాడు. ఆమె బెదిరిస్తున్నాడనుకుంది. ఆయన చెప్పింది ఉన్న సంగతేనని పది రోజుల తర్వాత గాని తెలియలేదు.

గురువారం సాయంత్రం చిన్నది మూడు పేజీల నోట్ రాసింది. తొట్టి సంగతి, బిందె సంగతి, ఎర్ర గీత సంగతి. తన పద్నాలుగు నెలల అంకెలు కూడా నమ్మవద్దని రాసింది. సంతకం పెట్టే ముందు తండ్రికి చదివి వినిపించింది. ఆయన రెండో పేజీ దగ్గర ఒకసారి ఆపమని, "అక్క పేరు తీసెయ్. నేనే పోశానని రాయి" అన్నాడు.

"మళ్లీ అబద్ధమా నాన్నా?"

ఆయన చదవమన్నట్టు చెయ్యి ఊపాడు.

జాబితా చదివే రోజు పై ఆఫీసు హాలు కిక్కిరిసింది. మెరక ఊళ్ల జనం ముందు వరుసల్లో కూర్చున్నారు. బావ తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, పక్కన అక్క. వేదిక మీద జాబితా అధికారి, పక్కన గోడంత తెర. తెర మీద ప్రాంతాలన్నీ రంగుల్లో ఉన్నాయి. ఎండినవి ఎరుపు, ఎండుతున్నవి పసుపు, మిగిలినవి పచ్చ. మెరక ఉన్న చోట ఏ రంగూ లేదు. బూడిద రంగు చారలు మాత్రం ఉన్నాయి.

"ఆ చారలేంటి సార్?" అని బావే లేచి అడిగాడు.

జాబితా అధికారి మర్యాదగానే జవాబిచ్చాడు. "నమ్మదగిన కొలతలు లేని ప్రాంతం. అక్కడి రికార్డు పనికిరాదని కేంద్రం వాళ్లే రాసి పంపారు."

"ఆకాశం మీంచి చూసే మిషన్లున్నాయంటారు కదా సార్. వాటికి కనపడదా మా ఎండు?"

"ఉపగ్రహానికి పై పొర రెండు మూడు వేళ్ల మందమే కనిపిస్తుంది. లోతు లెక్క దాన్నుంచి కట్టాలంటే నేల మీద తీసిన కొలతతో సరిచూడాలి. మీ ప్రాంతంలో అది ఎండు అని చూపిస్తూనే ఉంది. నేల కొలత తడి అని చెప్పింది కాబట్టి, దాన్నే తప్పనుకుని సరిదిద్దాం. ఇప్పుడు రెండూ పనికిరావు."

హాలు గుసగుసలాడింది. అప్పుడు వెనక వరుసలోంచి ఒక మనిషి లేచి నడవ మధ్యలోకి వచ్చాడు. చిన్నదానికి తండ్రి వచ్చినట్టు తెలియదు. ఆయన చంకలో పాత గుడ్డలో చుట్టిన వస్తువొకటి ఉంది. విప్పాడు. గోడ మీది ఫ్రేము. దాన్ని వేదిక అంచున పెట్టాడు.

"అయ్యా, ఆ కొలతలు తీసింది నేను. గొట్టం దిగని చోట దిగలేదని రాయాలి. భయపడి, దిగిన చోటు వెతుక్కున్నాను. నా కూతురు నిజం రాసింది. తప్పు చేసిన మనిషి ఇక్కడే ఉన్నాడు, ఏం శిక్ష వేస్తారో నాకు వేయండి. ఆ ఇరవై రెండు ఊళ్లు ఎండిపోయాయి. నేను నా రెండు చేతులతో చూశాను. గొట్టం దిగకపోవడమే అందుకు సాక్ష్యం. దాన్ని లెక్కలోకి తీసుకోండి."

జాబితా అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎగతాళి చేయలేదు, కసరలేదు. అలా చేసి ఉంటే వినేవాళ్లకు కొంత తేలికగా ఉండేది.

"పెద్దవారు, మీ నిజాయితీని మెచ్చుకుంటున్నాను. మిమ్మల్ని శిక్షించే ఉద్దేశం ఎవరికీ లేదు. కాని గొట్టం ఏ వారం దిగింది, ఏ వారం దిగలేదు అన్నది ఎక్కడైనా రాసి ఉందా?"

"ఒక్కచోట ఉంది" అన్నాడు తండ్రి. "ఆరో వారం."

"ఒక్క వారంతో ముప్పై ఏళ్ల గీత గీయలేం కదండీ. ఇవాళ్టి నుంచి కొత్తగా కొలవాలి. కనీసం పదేళ్ల లెక్క వస్తే మెరకను తప్పకుండా పరిశీలిస్తాం."

బావ నవ్వాడు. "మంచిది సార్. పదేళ్లు నీళ్లు తాగకుండా ఓపిక పట్టమని మా గేదెతో చెప్పి వస్తాను. ఒక్కటే మిగిలింది, వింటుందిలెండి."

నలుగురు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాతి ప్రాంతం పేరు చదివారు.

బయట మెట్ల మీద బావ చిన్నదాని దగ్గరికి వచ్చాడు. మాట అంటాడని ఆమె తల వంచుకుంది. "నీదేం తప్పు లేదులే డిగ్రీ" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. పదిహేనేళ్లుగా తన ఇంట్లోంచి వెళ్లిన బిందెల సంగతి ఆయనకు ఆ హాల్లో, చిన్నది రాసిన నోట్ చదివిన గుమాస్తాలు జనంతో అన్న మాటల్లోనే తెలిసింది. "నన్నొక్క మాట అడగకూడదటే?" అన్నాడు. అక్క కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

నెలాఖరు శనివారం వచ్చింది. అక్క ఇంటి ముందు చిన్న లారీ ఆగి ఉంది. మంచాలు, పెట్టెలు, పిల్లల పుస్తకాల సంచి ఎక్కించారు. గేదెను రెండు రోజుల ముందే పల్లంలో తెలిసినవాళ్లకు అప్పగించారు. బావ తలుపుకు తాళం వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు. బిందె చివర్లో మిగిలింది. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో ఎక్కింది.

కొలత రోజు కాబట్టి తండ్రీ కూతురూ అక్కడే ఉన్నారు. తండ్రికి ఇప్పుడు ఆ పనితో సంబంధం లేదు. అయినా సుత్తి తీసుకుని వచ్చాడు.

అక్క లారీ కిటికీలోంచి వంగి, "నాన్నా, నిన్న ఒక్క చుక్క కూడా పోయలేదు. భుజం నొప్పి పెడుతుందేమో" అంది.

"పెట్టనీ" అన్నాడు తండ్రి.

లారీ వెళ్లిపోయింది. దుమ్ము అణిగాక ఇద్దరూ రాయి దగ్గర గొట్టం నిలబెట్టారు. ఆయన కొట్టాడు. ఆమె పట్టుకుంది. తర్వాత ఆమె కొట్టింది, ఆయన పట్టుకున్నాడు. ఇనుము మోగినప్పుడల్లా ఆ చప్పుడు ఖాళీ ఇళ్ల గోడలకు తగిలి తిరిగి వచ్చింది. ఆ వీధిలో తాళం పడిన ఇళ్లు అప్పటికి తొమ్మిది. నాలుగు వేళ్ల మందం దిగి గొట్టం ఆగిపోయింది.

"చాలు, తియ్" అన్నాడు తండ్రి. "రిజిస్టరులో రాయి."

చిన్నది మోకాలి మీద రిజిస్టరు తెరిచింది. తడి బరువు గడి ఖాళీగా వదిలింది. పొడి బరువు గడి ఖాళీగా వదిలింది. పక్కన, 'గొట్టం దిగలేదు. నేల రాయిలా ఉంది' అని రాసింది. రాశాక చూసుకుంటే, దాదాపు ముప్పై ఏళ్ల కిందటి ఆ వాక్యమే అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

తండ్రి కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ చదివాడు. ఖాళీ గడి మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు.

"ఆ ఎర్ర గీత పడిన మర్నాడు నేను మళ్లీ ఇదే రాసి ఉంటే?"

"ఉద్యోగం పోయేది నాన్నా."

"పోయేది. నీకు చదువు ఉండేది కాదు. అక్కకు ఇల్లు ఉండేదేమో." ఆయన తాళం పడిన ఇంటి వైపు చూశాడు. "ఖాళీ గడి చూసి కళ్లెర్ర చేసే ఆఫీసూ, భయపడి దాన్ని నింపే నాలాంటివాడూ ఉన్నన్నాళ్లు, నేల ఎంత ఎండినా కాగితం మీద తడిగానే ఉంటుందే చిన్నదానా."